నాన్న దగ్గు.. బొగ్గుదేమో!

కుందలహళ్ళి: ఇక్కడ ఐటీ కొలువు. ఊళ్లో నాన్న సింగరేణి రిటైర్డు కార్మికుడు. ఫోనులో దగ్గు వినిపిస్తే ‘బీడీలు మానెయ్ నాన్నా’ అని సరిపెట్టే పిల్లలు ఎందరో. ఆయన గనిలో ఎన్నేళ్లు చేశారన్నది మాత్రం ఎవరూ లెక్కెయ్యరు.

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందులో మొదలైంది. బొగ్గు పేల్చినా, నింపినా ధూళి లేస్తుంది. పెద్ద రేణువులు ముక్కులోనే ఆగిపోతాయి. 5 మైక్రాన్లలోపు సన్నటివి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఏళ్ల తరబడి పేరుకుంటే అక్కడి కండ గట్టిపడుతుంది. దీన్నే న్యూమోకోనియోసిస్ అంటారు.

మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత దగ్గు, నల్ల కళ్లె, మెట్లెక్కితే ఆయాసం. గని వదిలాక కూడా జబ్బు ముదరొచ్చు. పాడైన భాగం మళ్లీ బాగుపడదు. ఇది అంటువ్యాధి మాత్రం కాదు.

ఏం చేయాలి?

ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాలి. గనిలో ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు చెప్పాలి. లేదంటే టీబీ అనో, ఆస్తమా అనో పొరబడే వీలుంది. పొగ మానాల్సిందే. పరిహార చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల్లో ఇదొకటి. కాబట్టి సర్వీసు కాగితాలు, పాత రిపోర్టులు పారేయొద్దు.

దసరాకు ఊరెళ్లినప్పుడు నాన్నకు కొత్త బట్టలు పెట్టడంతోపాటు ఈ పరీక్షలూ చేయించి రావాలి.