చేదుకూరలు – పిల్లల ప్రశ్న



పస్కా రాత్రి యూదులు భోజనపు బల్ల చుట్టు కూర్చుండి హగ్గదా అను గ్రంథమును చదువుతారు. ఆ మాటకు 'చెప్పుట' అని అర్థము. నిర్గమకాండము 13:8లో కుమారునికి తెలియజెప్పుమని దేవుడిచ్చిన ఆజ్ఞయే దానికి పునాది. ఇంటిలో చిన్నవాడు అడుగుతాడు: ఈ రాత్రి పొంగని రొట్టె ఎందుకు? చేదుకూర ఎందుకు? ఆ ప్రశ్నతోనే విడుదల కథ మొదలవుతుంది.

పెద్దల జవాబు గమనించండి. ఐగుప్తులో దాసులైనవారిని 'వారు' అనరు, 'మనము' అంటారు. ప్రతి తరమువాడు తానే ఐగుప్తునుండి బయటికి వచ్చినట్టు ఎంచుకొనవలెనని హగ్గదా నేర్పుతుంది.

మన రాష్ట్రములోనే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో, బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదులున్నారు. 1991లో సమాజమందిరము స్థాపించుకొన్నారు, పస్కాను ఆచరిస్తారు. వీరు మాదిగ కుటుంబములవారు. అంటరానితనము ఎరిగినవారి నోట ఆ 'మనము' ఎంత బరువైన మాట!

ప్రియులారా, మన తాతలలో అనేకులు జీతగాళ్లుగా చాకిరి చేసినవారే, కరువుకు వలసపోయినవారే. పిల్లలు చిన్నబోతారని ఆ సంగతి దాచుచున్నాము. చేదు తెలియని బిడ్డకు విడుదల విలువ ఎట్లు తెలియును?

ప్రభువు శిష్యులతో ఆశపడి భుజించినది పస్కాయే (లూకా 22:15). ఈసారి ప్రభువు బల్లలో పాలుపొంది ఇంటికి వెళ్లినప్పుడు మీ పిల్లలను అడగనియ్యండి. జవాబు 'మనము' అని మొదలుపెట్టండి. దేవుడు మనలను ఎక్కడనుండి తీసికొనివచ్చెనో దాచక చెప్పండి. ఆమేన్.