ఉమ్మడి కాపురంలో ఐర్లండు

ఉమ్మడి కుటుంబంలో అడుగుపెట్టిన కోడలికి సొంత మాటంటూ మిగులుతుందా అన్నది మన ఇళ్లలో పాత ప్రశ్నే. దేశాల విషయంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చేది ఐర్లండు. మన వి. వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యయోధుల సావాసం వల్ల 1916లో తిరిగి రావలసివచ్చిన దేశమే అది.

స్వతంత్రం వచ్చి యాభై ఏళ్లు కావస్తున్నా, ఐర్లండు ఎగుమతుల్లో సగానికి పైగా బ్రిటనుకే పోయేవి. కొనేవాడు ఒక్కడే అయితే వాడితో గట్టిగా మాట్లాడడం ఎంత కష్టమో ధాన్యం అమ్ముకునే రైతు నడగండి, చెబుతాడు! 1972లో ప్రజల నడిగితే నూటికి 83 మంది సరేనన్నారు. 1973 జనవరి 1న బ్రిటను, డెన్మార్కులతో పాటు ఐర్లండూ యూరోపియను ఆర్థిక సమాజంలో చేరింది.

ఖర్చు లేకపోలేదు. విడిగా ఏ దేశంతోనూ వ్యాపార ఒడంబడిక చేసుకునే హక్కు పోయింది. ఐరిష్ వెన్న మీద సుంకం సంగతి మాట్లాడాలంటే ఇవాళ మన ఢిల్లీవారు సైతం బ్రస్సెల్సు గుమ్మం ఎక్కవలసిందే. దానికి బదులుగా దొరికింది, లండనుతో సమానంగా ఒక కుర్చీ.

ఆ కుర్చీ విలువ 1982లో తెలిసింది. ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్లండు దీవులను ఆక్రమించింది. బ్రిటను కోరిక మీద సమాజంలోని పది దేశాలూ అర్జెంటీనా సరుకుల దిగుమతిని నెల రోజులపాటు ఆపాయి. ఐర్లండూ తలూపింది. మే 2న బ్రిటిషు జలాంతర్గామి ఒకటి 'జనరల్ బెల్‌గ్రానో' అనే యుద్ధనౌకను ముంచింది. 323 మంది ప్రాణాలు పోయాయి. గడువు పొడిగించే వేళ ప్రధాని చార్లెస్ హాహీ ప్రభుత్వం ఇక తన వల్ల కాదంది. ఇటలీ కూడా తప్పుకుంది. అర్జెంటీనాలో ఇటాలియను సంతతివారు లక్షల్లో ఉన్నారు మరి. లండనుకు ఒళ్లు మండింది.  ఒంటరిగా ఉన్న రోజుల్లో డబ్లిను అంత ధైర్యం చేసేదా? నాకు అనుమానమే.

అలాగని భయాలు తీరలేదు. మన కుర్రాళ్లను ఎవరి యుద్ధాలకో పంపుతారేమోనన్న గుబులు కూడా తోడై, 2008 జూన్‌లో లిస్బను ఒడంబడికను ఐరిష్ ఓటర్లు తోసిపుచ్చారు. తాటస్థ్యానికి భంగం రాదని తక్కిన దేశాలు హామీ రాసిచ్చాకనే 2009 అక్టోబరులో ఒప్పుకున్నారు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిను మీద దండెత్తింది. ఆయుధాలకు డబ్బివ్వాలని యూరోపియన్ యూనియన్ నిశ్చయించింది. ఐర్లండు అడ్డుపడలేదు, అలాగని ఆయుధాలకు పైసా విదల్చనూ లేదు. తన వాటా మందులకూ, ఇంధనానికీ, రక్షణ కవచాలకూ మాత్రమే వాడాలంది. ఇంధనంతో యుద్ధశకటాలు నడవవా అని ఎవరైనా ఎకసెక్కం చేయవచ్చు, చేయనివ్వండి. ఆస్ట్రియా, మాల్టాలు కూడా ఐర్లండు దారే పట్టాయి. తక్కినవారు సరేనన్నారు.