రేణిగుంట ఎండకూ వానకూ నిలిచే మిద్దె

షాపుల కోసమో ఫంక్షన్ హాలు కోసమో కట్టడం మొదలుపెట్టేటప్పుడు దాతలు అడిగే ప్రశ్నలు మాకు బాగా అలవాటే. పునాది ఎంత లోతు? ఎన్ని అంతస్తులు? రోడ్డు వైపు ముందుభాగం ఎలా ఉంటుంది? మిద్దె పైభాగం ఎలా వేస్తున్నారని అడిగేవారు మాత్రం అరుదు. స్లాబు పోస్తారు, పైన ఏదో పూత పూస్తారు, అంతే కదా అనుకుంటాం. కానీ అద్దెల మీద నడిచే కట్టడానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. పై అంతస్తు షాపు ఉరిస్తే బట్టల వ్యాపారి సరుకు తీసుకుని వెళ్లిపోతాడు. మే నెలలో కూర్చోలేనంత వేడిగా ఉంటే ట్యుటోరియల్ వాళ్లు అద్దె తగ్గించమంటారు. ఆ అద్దెల్లోంచే పిల్లల ఫీజులు కట్టాలి కాబట్టి మిద్దె సంగతి మేస్త్రీకి వదిలేసి ఊరుకోగలిగింది కాదు. మేం ఇంజనీర్లం కాము, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. తెలిసినవాళ్లు చెప్పేదాన్ని అందరికీ అర్థమయ్యే మాటల్లో పెట్టడమే ఇక్కడ మా పని.

మన ఊరి వాతావరణం మిద్దెకు రెండు వైపులా పరీక్ష పెడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఎండ. నీడలో 40 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. నీడలో అంత ఉంటే ఎండలోని సిమెంటు స్లాబు 60 డిగ్రీలకు చేరుతుంది, నల్లటి తారు పరిస్తే 70 దాకా పోతుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందంటే రోజుల తరబడి ముసురు, నడుమ కుండపోత. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై, స్వర్ణముఖి పొంగి పారిన రోజులు ఎవరూ మరచిపోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మళ్లీ అదే చూపించింది. ఆరు నెలలు ఎండ మిద్దెను పగలగొడుతుంది, ఆ పగుళ్లు ఎక్కడున్నాయో తర్వాత వాన వెతికి పట్టుకుంటుంది. నవంబరులో కనిపించే తడి మరకకు కారణం చాలాసార్లు మే నెలలోనే ఉంటుంది.

ఎండ ఎలా పగలగొడుతుంది? ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే లెక్కే ఇది. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో లక్షో వంతు సాగుతుంది. వంద అడుగుల, అంటే సుమారు 30 మీటర్ల స్లాబు తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర ఉండి, మధ్యాహ్నానికి 60కి చేరిందనుకోండి. తేడా 35 డిగ్రీలు. సాగుదల ఒక సెంటీమీటరు పైమాటే. రాత్రికి మళ్లీ కుదించుకుంటుంది. ఏడాదికి కొన్ని వందల సార్లు ఇలా సాగి ముడుచుకునే వస్తువు మీద గట్టిగా, పెళుసుగా ఉండే పూత వేస్తే అది చిట్లకుండా ఎలా ఉంటుంది? పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో ముందుగా పగలడానికీ ఇదే కారణం. అక్కడ రెండూ రెండు తీర్లుగా కదులుతాయి. ఆ పగులు గుండా దిగిన నీరు లోపలి ఇనుప కమ్మీకి చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము తనకున్న చోటుకు రెండింతలకు పైగా ఆక్రమించుకుంటుంది, ఆ ఒత్తిడికి సీలింగు పెచ్చులు ఊడి కింద పడతాయి. ఇక అప్పుడు నష్టం సరుకుతో ఆగదు, కింద కూర్చున్న మనిషి మీదికి వస్తుంది.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. కర్నూలు, అనంతపురం వైపు మట్టి మిద్దెల మీద ఏటా చౌడు మట్టి పరిచేవారు. తడవగానే చౌడు బిగుసుకుని నీటిని కిందికి దిగనిచ్చేది కాదు. మన వైపు పాత బజార్లలో, రైల్వే కట్టడాల్లో కనిపించేది మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సున్నపు గచ్చుతో ఏటవాలు వరసల్లో పేరుస్తారు. దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన పొర మూడు నాలుగు అంగుళాలు. ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య బ్యాట్లతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ, కొయ్య ఎగిరిపడేంత గట్టిపడేదాకా కొట్టేవారు. ఆ పైన చదును బిళ్లలు. ఈ పద్ధతికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2119 అనే కోడ్ కూడా రాసింది, కాబట్టి దీన్ని నాటు పని అని తీసిపారేయనక్కర్లేదు. సున్నం మెత్తగా కదులుతుంది. వెంట్రుకవాసి పగులు వస్తే వాననీటిలో కరిగిన సున్నమే మళ్లీ గాలి తగిలి గట్టిపడి దాన్ని కొంతవరకు పూడ్చుకుంటుంది. సిమెంటుకు ఆ గుణం తక్కువ.

ఆ ఇటుక జల్లి పొర పేరు నిలబడింది, గుణం పోయింది. ఇప్పుడు కోబా పేరుతో వేసేది ఇటుక ముక్కలే అయినా సున్నం బదులు సిమెంటు, కొట్టడం అసలే లేదు. కొత్తగా ఉన్నన్నాళ్లు బాగానే ఉంటుంది. పైన ఒక్క చోట పగిలిందంటే లోపలి ఇటుక ముక్కలు స్పాంజిలా నీటిని పీల్చి నెలల తరబడి పట్టి ఉంచుతాయి. వాన ఆగిన పదిహేను రోజులకు కూడా సీలింగు చెమ్మగిల్లుతుంటే అనుమానించాల్సింది దీన్నే. ఇంకా పెద్ద తప్పు, పాత కోబా ఉరుస్తోందని దాని మీదే మరో కోబా వేయించడం. నాలుగు అంగుళాల పొర చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు తూగుతుంది. వెయ్యి చదరపు అడుగులకు 18 టన్నుల పైచిలుకు. ఆ బరువు మోయమని స్లాబుకు ఎవరూ చెప్పలేదు. పాతది తీయించడానికి కూలి ఎక్కువే, అయినా తీయించక తప్పదు.

ఇక బజారులో దొరికేవి. డబ్బాల్లో వచ్చే యాక్రిలిక్ పూత చవక, తెల్లగా ఉంటుంది, ఎవరైనా వేయగలరు. కానీ నీళ్లు నిలిచే చోట ఉబ్బి ఊడుతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. పాలీయురేథేన్, అందరూ పీయూ అనేది, రబ్బరులా సాగుతుంది కనుక పగుళ్లను తట్టుకుంటుంది. అయితే చాలా రకాల పీయూకు నేరు ఎండ పడదు, పైన ఏదో ఒక రక్షణ ఉండాలి. ఏపీపీ మెంబ్రేన్ అంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న తారు చాప, గ్యాస్ మంటతో కరిగించి అతికిస్తారు. పని తెలిసినవాడి చేతిలో మంచి సరుకే. చాపకు చాపకు మధ్య నాలుగు అంగుళాలు తగ్గకుండా ఒకదానిపై ఒకటి ఎక్కాలి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు మలచాలి. అది కూడా మన ఎండకు తెరిచి ఉంచితే తారులోని జిగురు ఆరిపోయి, చెరువు అడుగు మట్టిలా నెర్రెలిస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల మీద పరిచే టీపీఓ, పీవీసీ, ఈపీడీఎం షీట్ల అతుకులు వేడిగాలి యంత్రంతోనో ప్రత్యేకమైన జిగురుతోనో వేయాలి. అలవాటున్న పనివాళ్లు దగ్గర్లో లేకపోతే చిన్న కాంప్లెక్సుకు ఆ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. స్లాబు మీద ఇనుప కమ్ములు నిలబెట్టి రేకులు కప్పుకునే పద్ధతిని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, గాలి ఆడే ఆ నీడ వేడిని బాగా ఆపుతుంది. తుపాను గాలికి ఎగరకుండా బిగించడమే అందులో అసలు పని.

ఇన్ని పేర్లు చెప్పాం గానీ, ఏ కంపెనీ డబ్బా అనేదానికంటే ఏ పొర మీద ఏ పొర అనేది ముఖ్యం. నీటిని ఆపే పొర ఎండకు కనబడకూడదు. గల్ఫ్ దేశాల్లో, అంటే మన ఇళ్ల నుంచి ఎందరో వెళ్లి పనిచేస్తున్న కువైట్, సౌదీలలో, కట్టడం పని చేసి వచ్చినవారిని అడిగి చూడండి. అక్కడ చాలా మిద్దెల మీద ముందు వాటర్‌ప్రూఫ్ పొర, దాని మీద నురుగు పలకలు, వాటి మీద గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్, ఆపైన బిళ్లలో గులకరాళ్లో ఉంటాయి. ఆ పలకలను ఎక్స్‌పీఎస్ అంటారు. టీవీ పెట్టెల్లో వచ్చే మామూలు థర్మోకోల్ కాదు, నీరు పీల్చనిది, గట్టిది. రెండు అంగుళాల పలక వేడిని ఆపడంలో రెండు మీటర్ల పైచిలుకు మందం ఉన్న కాంక్రీటుతో సమానం. దాని కింద ఉన్న పొర ఎండనూ చూడదు, రోజూ 35 డిగ్రీల ఊగిసలాటనూ చూడదు. కొత్తగా కట్టే కాంప్లెక్సుకు డబ్బు ఉంటే మేం మొగ్గేది దీనికే. కాకపోతే గల్ఫ్‌లో వాన తక్కువ. మనకు వాలు, గొట్టాలు అక్కడికంటే ఎక్కువ కావాలి.

పైన కనబడే పొర తెల్లగా ఉండాలి. పాలిపోయిన బూడిద రంగు కాంక్రీటు తన మీద పడిన ఎండలో మూడో వంతు తిప్పికొడితే, కొత్త తెల్ల పూత నాలుగింట మూడు వంతులకు పైగా తిప్పికొడుతుంది. కేంద్రం 2017లో తెచ్చిన ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ చదును కప్పులకు కనీసం 60 శాతం ఉండాలంటుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్‌లో వాణిజ్య భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే ఏసీల కరెంటు ఖర్చు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, వాణిజ్య భవనాలన్నింటికీ దీన్ని తప్పనిసరి చేసింది. వెండిలా మెరిసే అల్యూమినియం పెయింటు కూడా ఇలాంటిదే అనుకుంటారు. అది ఎండను తిప్పికొడుతుంది గానీ ఎక్కిన వేడిని త్వరగా వదలదు, తెలుపుకు సాటి రాదు. మాకు నచ్చినది టైల్స్ దుకాణాల్లో మిగిలే తెల్ల ముక్కలతో చేసే చైనా మొజాయిక్. పూతలా ఊడదు, తుడిస్తే మళ్లీ తెల్లబడుతుంది. మన రోడ్డు దుమ్ముకు ఏ తెలుపైనా ఏడాదిలో మాసిపోతుంది కనుక ఫిబ్రవరిలో ఒకసారి కడిగించాలి.

నీటి లెక్క చాలామంది వేయరు. 3,000 చదరపు అడుగుల మిద్దె మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 28,000 లీటర్లు. గంటలో అంత కురిస్తే, బిల్డింగ్ కోడ్ ప్రకారం నాలుగు అంగుళాల గొట్టం ఒకటి సుమారు 450 చదరపు అడుగుల నీటినే మోస్తుంది. అంటే ఈ మిద్దెకు ఏడు గొట్టాలు కావాలి. మనం సాధారణంగా పెట్టేది రెండో మూడో. వాలు వందకు ఒకటి కంటే తగ్గకూడదు. 30 అడుగుల దూరానికి మూడున్నర అంగుళాలు. ఆ వాలు నీటిని ఆపే పొర కిందనే ఉండాలి, పైన బిళ్లల్లో మాత్రమే ఇస్తే సరిపోదు. మొదటే ఇది సరిగా కుదిరితే చవక పూత కూడా నిలుస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనదీ నిలవదు.

అద్దెకిచ్చే కట్టడానికి మరో చిక్కు ఉంది. అద్దెకు వచ్చిన ప్రతివారూ మిద్దె మీదికి ఏదో ఒకటి ఎక్కిస్తారు. ఏసీ యూనిట్, డిష్, సోలార్ ఫ్రేము, ప్రకటన బోర్డు, ఒక్కోసారి సెల్ టవరు. ప్రతి బోల్టూ ఒక రంధ్రమే. అందుకే ముందే స్లాబుతో పాటు చిన్న కాంక్రీటు దిమ్మెలు పోయించి, ఏది పెట్టినా వాటి మీదే పెట్టాలని అద్దె పత్రంలో రాయించడం మంచిది.

చివరి బిల్లు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయించమని అడగండి. గొట్టాల మూతులు బిగించి, పైన బిళ్లలు పరచక ముందే రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టాలి. కింద సీలింగంతా చూసి, తడి లేదని సంతకం చేశాకే మిగతా పని. కాంట్రాక్టరు ఇచ్చే గ్యారంటీ కాగితంలో ఏళ్ల సంఖ్యతో పాటు, ఉరిస్తే ఎన్ని రోజుల్లో వస్తాడో, పైపొర విప్పే కూలి ఎవరు భరిస్తారో కూడా ఉండాలి. కట్టడానికి విరాళం ఇచ్చేవారు దొరుకుతారు, కప్పు కడిగించడానికి ఇచ్చేవారు దొరకరు. కాబట్టి వచ్చే అద్దెలో ఏటా ఒక నెల మొత్తాన్ని మిద్దె ఖాతాలో విడిగా వేయాలని మేం కమిటీలకు చెబుతూ వస్తున్నాం. ఆ డబ్బుతో మొదటి పని సెప్టెంబరు ఆఖరి వారంలో. ఒక మనిషిని పైకి పంపి, గొట్టాల మూతుల్లో పేరుకున్న ఆకులు, పాలిథిన్ కవర్లు తీయించి, పిట్టగోడ మూలలు చేత్తో తడిమి చూడమనాలి.