ఫొటోల యాప్‌లు - అప్‌డేటుల చిక్కులు

గత వేసవి సెలవులలో ఒకనాటి ఉదయము మా పిన్నిగారు నాకు ఫోను చేసిరి. "నిన్న రాత్రి వరకూ అన్నీ ఉన్నాయిరా. పొద్దున్న లేచి చూస్తే ఒక్క పేరు కూడా లేదు. నేనేమీ నొక్కలేదు, ఒట్టు!" అనిరి. వారి కంఠములో దుఃఖము కంటె భయమే ఎక్కువగా నుండెను. తెలియక తాకరానిదేదో తాకితినని వారి అనుమానము.

పిన్నిగారు తమ ఇంటిలోని పాత ఫొటోలన్నిటిని ఫోనుతో మరల ఫొటోలు తీసి, ఒక యాప్‌లో ఆల్బములుగా అమర్చి, ప్రతి ఫొటో క్రింద అందులోనివారి పేర్లు వ్రాసి పెట్టుకొనిరి. ఆ పనికి రెండేండ్లు పట్టినది. సాయంకాలము నేను వెళ్లి చూచితిని. ఫొటోలలో ఒక్కటియు పోలేదు. కాని ఆల్బములు లేవు, పేర్లు లేవు. ఫొటోలన్నియు కుప్పపోసినట్లు ఒకేచోట పడియున్నవి. రాత్రి ఫోను చార్జింగులో నుండగా ఆ యాప్‌కు కొత్త అప్‌డేటు దానంతట అదియే వచ్చి చేరినది. పిన్నిగారు నిజముగానే ఏమియు నొక్కలేదు.

ఫొటోలు నిలిచి పేర్లు మాత్రము పోవుట యెట్లు సంభవించును? నేర్పరులైన ఇంజనీర్లు తయారుచేసిన ప్రోగ్రాములో ఇట్టి తప్పులు ఏల దొర్లును? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసినచో మన ఫొటోలను కాపాడుకొను మార్గము కూడ తెలియును.

ఫొటో వేరు, రిజిస్టరు వేరు

ఏ కళాశాలలోనైనను ప్రయోగశాలను చూచినవారికి అచటి స్టాకు రిజిస్టరు తెలిసియే యుండును. పరికరములు బీరువాలలో నుండును. ఏ పరికరము ఏ బీరువాలో, ఏ అరలో నున్నదో, ఎప్పుడు కొనిరో రిజిస్టరులో నుండును. రిజిస్టరు పోయినను పరికరములు పోవు. కాని కావలసినది దొరకదు. పరికరము పోయి రిజిస్టరు మిగిలినచో, పేరు మాత్రమే యుండును, వస్తువు ఉండదు.

ఫొటోల యాప్‌లో జరుగునదియు ఇదియే. ఫొటోలు ఫోను జ్ఞాపకశక్తిలో వేర్వేరు ఫైళ్లుగా నుండును. వాని పేర్లు, తేదీలు, ఆల్బములు, మనము నచ్చినవని గుర్తుపెట్టుకొన్న ఫొటోలు, ఇవన్నియు డేటాబేసు అను ప్రత్యేకమైన పట్టికలో నుండును. ఫొటోలు తీయుట వృత్తిగా గలవారు విరివిగా వాడు లైట్‌రూమ్ అను సాఫ్టువేరులో ఈ పట్టికకు కేటలాగు అని పేరు. అది ఎస్‌క్యూలైట్ అను డేటాబేసు పద్ధతిలో నుండును. రిచర్డ్ హిప్ అను అమెరికను 2000లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి నేడు మన చేతిలోని ఫోనులన్నిటిలోను పనిచేయుచున్నది.

ఇందు గమనింపదగిన విశేష మింకొకటి కలదు. లైట్‌రూమ్‌లో ఒక ఫొటోకు వెలుగు పెంచినపుడు అసలు ఫొటో మారదు. "ఈ ఫొటోకు ఇంత వెలుగు పెంచవలెను" అను ఆదేశము కేటలాగులో వ్రాయబడును. ఫొటోను తెరచిన ప్రతిసారియు ఆ ఆదేశమును అమలుపరచి మనకు చూపుదురు. అందుచేత కేటలాగు చెడినచో ఫొటోలు మిగిలినను వానిపై మనము చేసిన ఏండ్ల తరబడి శ్రమ పోవచ్చును.

అప్‌డేటు చేయు రెండు పనులు

పాత సుత్తిని తీసి మంచి సుత్తి నిచ్చినట్లు అప్‌డేటు ప్రోగ్రామును మాత్రమే మార్చునని అనేకుల అభిప్రాయము. తరచుగా అది రెండవ పని కూడ చేయవలసి వచ్చును. అది రిజిస్టరును తిరిగి వ్రాయుట.

పాత రిజిస్టరులో "వివరము" అను గడి ఒక్కటే యున్నదనుకొందము. కొత్త ప్రోగ్రాములో మనిషి పేరుకు ఒకటి, ఊరి పేరుకు ఒకటి చొప్పున రెండు గడులు ఏర్పరచిరి. అపుడు పాత రిజిస్టరులోని ప్రతి వరుసను చదివి, విడదీసి, కొత్త గడులలో నింపవలెను. వేలకొలది వరుసలు కొలది నిమిషములలో, పర్యవేక్షించు గుమాస్తా లేకుండ, మన ఫోనులోనే తిరిగి వ్రాయబడును. నడుమ చార్జింగు అయిపోవచ్చును. ఖాళీ చోటు చాలక పోవచ్చును. రచయితలు ఊహింపని అక్షర మేదైన ఎదురు కావచ్చును. బాగుగా వ్రాసిన ప్రోగ్రాము కొత్త రిజిస్టరును పూర్తిగా వ్రాసి, సరిచూచుకొని, ఆ పిమ్మటనే పాతదానిని విడచును. ఈ క్రమము తప్పినచో పాతదియు ఉండదు, కొత్తదియు నిండదు.

తిరిగి వ్రాసిన రిజిస్టరును పాత ప్రోగ్రాము సాధారణముగా చదువలేదు. కావున "పాతదే బాగున్నది, అదే ఇండు" అని వినియోగదారులు మొరపెట్టుకొన్నను వెనుకకు పోవుట సులభము కాదు.

పరీక్షలకు అందని తప్పులు

అట్లయిన పరీక్షింపకయే విడుదల చేయుదురా? లేదు, పరీక్షింతురు. అయినను తప్పు ఎట్లు తప్పించుకొనునో ఒక చిన్న ఉదాహరణముతో చూతము.

మనము 2-3-2019 అని వ్రాసినచో మార్చి 2వ తేదీ. అమెరికాలో అదియే ఫిబ్రవరి 3వ తేదీ. ఒక అప్‌డేటులో పొరపాటున మన తేదీలను అమెరికా పద్ధతిలో చదువుచున్నారనుకొందము. 25-12-2019 అను తేదీతో పరీక్షించిరి. 25వ నెల లేదు గనుక ప్రోగ్రాము దానిని సరిగానే డిసెంబరు 25గా గ్రహించెను. పరీక్షలో ఉత్తీర్ణమయ్యెను! తేదీ 12కు లోబడినపుడే తప్పు బయటపడును. ఏడాదిలో అట్టి తేదీలు 144. అందులో 1-1, 2-2 మొదలైన పండ్రెండును ఎట్లు చదివినను ఒక్కటే. మిగిలిన 132 తేదీల ఫొటోలు తారుమారగును. 233 తేదీలవి చక్కగా నుండును. ఒక వినియోగదారుడు "నా ఫొటోలు కలగాపులగ మైనవి" అనును. ఇంకొకడు "నావి సరిగానే యున్నవే" అనును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు.

ఇక సంఖ్యల మాట. యాప్‌లో ఉంచుటకో తీయుటకో వీలైన ఏర్పాట్లు 10 ఉన్నచో అవి కూడు విధములు 1,024. ఏర్పాట్లు 20 అయినచో విధములు 10,48,576. దీనికి ఫోనుల రకములు, భాషలు, పాత ప్రోగ్రాముల వరుస సంఖ్యలు చేర్చినచో అన్నిటిని పరీక్షించుట మానవులకు సాధ్యము కాదు. పరీక్షల వలన తప్పు ఉన్నదని తెలియును గాని తప్పు లేదని తేలదని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1969లో రోము నగరమున జరిగిన సమావేశములో హెచ్చరించెను. ఒక తప్పును దిద్దుచుండగా మరియొక తప్పు ప్రవేశించుటకు నూటికి 20 నుండి 50 వరకు అవకాశము కలదని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వ్రాసెను. దిద్దుబాటు అప్‌డేటు వెనుకనే మరియొక దిద్దుబాటు ఏల వచ్చునో దీనివలన బోధపడును.

ఈ తప్పులను "బగ్గులు" అనగా పురుగులు అందురు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి మార్క్-2 అను గణనయంత్రపు రిలేలో ఒక రెక్కల పురుగు నిజముగానే చిక్కుకొనగా, దానిని తీసి దినచర్య పుస్తకములో అతికించిరి. ఆ మాట అంతకు పూర్వమే ఇంజనీర్ల వాడుకలో కలదు. ఆ పురుగు కంటికి కనబడినది. నేటి పురుగులు కనబడవు.

జరిగిన మూడు సంఘటనలు

2015 అక్టోబరులో అడోబి సంస్థ లైట్‌రూమ్ 6.2ను విడుదల చేసెను. కెమేరా కార్డునుండి ఫొటోలను కంప్యూటరులోనికి చేర్చుకొను తెరను కొత్తవారికి సులభముగా నుండునట్లు మార్చిరి. తక్కువమంది వాడుచున్నారని కొన్ని సదుపాయములను తొలగించిరి. పైగా ప్రోగ్రాము ఉన్నట్టుండి ఆగిపోవుచుండెను. ఫొటోగ్రాఫర్లు తీవ్రముగా ఆక్షేపింపగా సంస్థవారు బహిరంగముగా క్షమాపణ చెప్పి, నవంబరులో వెలువడిన తరువాతి అప్‌డేటులో పాత తెరను మరల ప్రవేశపెట్టిరి. ఇందు రెండు విధముల బాధలు గలవు. ప్రోగ్రాము ఆగిపోవుట బగ్గు. సదుపాయమును తొలగించుట నిర్ణయము. మొదటిది ఎవరును కోరి చేసినది కాదు. రెండవది తెలిసి చేసినది. నూటికి ఇద్దరే వాడు సదుపాయమైనను ఆ యిద్దరికి అది నిత్యావసరము కావచ్చునను సంగతి సగటు లెక్కలలో కానరాదు.

2020 ఆగస్టులో ఐఫోను, ఐప్యాడులకు వచ్చిన లైట్‌రూమ్ 5.4 అప్‌డేటు మరింత నష్టము కలిగించెను. సంస్థవారి దూరపు కంప్యూటరులలోనికి, అనగా క్లౌడులోనికి, ఇంకను చేరక ఫోనులోనే యున్న ఫొటోలు కొందరికి పోయినవి. వెంటనే వెలువడిన 5.4.1 ఆ తప్పును ఆపగలిగెను గాని పోయినవానిని తిరిగి తేలేకపోయెను. ఫోనుకు వేరుగా బ్యాకప్పు తీసికొన్నవారికి మాత్రమే కొంత ఆశ మిగిలినది.

2024 మే నెలలో దీనికి వ్యతిరేకమైన వింత జరిగినది. ఆపిల్ సంస్థవారి ఐఓఎస్ 17.5 వచ్చిన పిమ్మట, ఎప్పుడో చెరిపివేసిన ఫొటోలు కొందరి ఫోనులలో మరల ప్రత్యక్షమైనవి. డేటాబేసు చెడుట దీనికి కారణమని సంస్థవారు తెలిపి, మే 20న 17.5.1తో సరిచేసిరి. రిజిస్టరులో కొట్టివేసిన వస్తువు బీరువాలోనే మిగిలి బయటపడినట్లు! దాచుకొన్నది పోవుట ఎంత దుఃఖకరమో, వద్దని చెరిపినది తిరిగి వచ్చుటయు అంత ఇబ్బందికరమే.

అప్‌డేటులను మానివేయవచ్చునా?

మానివేయుట మందు కాదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అను ఫొటో రూపమును చదువు ప్రోగ్రాములో ఒక లోపము బయటపడెను. దుష్టబుద్ధితో తయారుచేసిన బొమ్మ నొకదానిని పంపి ఇతరుల యంత్రములలో చొరబడుటకు ఆ లోపము వీలు కల్పించెను. దానిని పూడ్చినది అప్‌డేటులే. 2017లో ఐఫోనులు హెచ్ఈఐసీ అను కొత్త ఫొటో రూపమును అవలంబింపగా, అప్‌డేటు లేని పాత ప్రోగ్రాములు ఆ ఫొటోలను తెరువలేకపోయినవి.

కావున విడుదలచేయువారు జాగ్రత్త పాటింపవలెను. అందరికి ఒకేసారి ఇయ్యక అంచెలంచెలుగా ఇచ్చుట ఇందొక పద్ధతి. ఆపిల్ సంస్థవారి యాప్ స్టోరులో ఒక యాప్ రచయిత కోరినచో, స్వయంచాలకముగా వచ్చు అప్‌డేటును ఏడు దినములలో వరుసగా నూటికి 1, 2, 5, 10, 20, 50, తుదకు 100 మందికి అందజేయుదురు. మొదటి దినమున తప్పు కనబడినచో అచ్చటనే ఆపివేయవచ్చును. అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూచుట వంటిది ఇది.

మనము చేయదగినవి

మొదటిది: ఫొటోలకు కనీసము ఒక నకలు ఫోనుకు వెలుపల, హార్డుడిస్కులోనో మరియొక కంప్యూటరులోనో ఉంచుకొనవలెను. క్లౌడులో ఉన్నవని నమ్ముటకు ముందు అన్నియు అచటికి చేరినవా యని చూచుకొనవలెను. క్లౌడుతో జత కలిసిన యాప్‌లో ఒకచోట చెరిపిన ఫొటో రెండవచోట కూడ చెరిగిపోవును గనుక దానిని మాత్రమే బ్యాకప్పుగా నెంచరాదు.

రెండవది: ఫొటోలతోపాటు రిజిస్టరుకు కూడ నకలు తీయవలెను. లైట్‌రూమ్ వంటి సాఫ్టువేరులో కేటలాగు బ్యాకప్పునకు ఏర్పాటు కలదు.

మూడవది: వీలైనచోట పేర్లను, వివరములను యాప్ రిజిస్టరులోనే గాక ఫొటో ఫైలులోనే వ్రాయించుకొనవలెను. ఫైలులో ఇట్టి వివరములకు ప్రత్యేకమైన చోటు కలదు. ఫొటో తీసిన వేళ, కెమేరా పేరు మొదలైనవి ఎక్సిఫ్ అను పద్ధతిలో 1995 నుండియు ఫైలులోనే చేరుచున్నవి. పరికరము మీదనే చీటీ అతికించినచో రిజిస్టరు పోయినను పేరు పోదు గదా!

నాలుగవది: విలువైన ఫొటోలున్న ఫోనులో పెద్ద అప్‌డేటు వచ్చినచో, బ్యాకప్పు తీసిన తరువాతనే చేర్చుకొనవలెను. భద్రతకు సంబంధించిన అప్‌డేటును మాత్రము ఆలస్యము చేయరాదు.

పిన్నిగారి యాప్‌కు రెండు వారముల పిమ్మట మరియొక అప్‌డేటు వచ్చినది. ఆల్బములు తిరిగి కనబడినవి, పేర్లు రాలేదు. వారి పెండ్లినాటి బృందచిత్రములో ఇరువది ఇద్దరున్నారు. ఆ యిరువది ఇద్దరి పేర్లు చెప్పగలవారు మా కుటుంబములో నేడు పిన్నిగా రొక్కరే. నేను కంప్యూటరు ముందు కూర్చుండి, వారు ఎడమవైపునుండి వరుసగా చెప్పుచుండగా ఒక్కొక్క పేరును ఈసారి ఫొటో ఫైలులోనే వ్రాసితిని. ఆ పేర్లనే ఒక నోటుపుస్తకములో కూడ పిన్నిగారు స్వహస్తముతో వ్రాసికొనిరి. "దీనికి అప్‌డేటు రాదుగా?" అని అడిగిరి. రాదంటిని. తప్పు తమది కాదని అప్పటికి వారికి నమ్మకము కలిగినది.