సర్వే నంబరుకు ముందు మూడు గడులు

వరంగల్ జిల్లా నెక్కొండ మండలంలో ఒక పొలం వివరాలు ఆన్‌లైన్‌లో చూడాలంటే పట్టాదారు పేరుతో మొదలుపెట్టరు. ఒకే ఊళ్లో ఎంతమంది ఎల్లయ్యలు ఉంటారో! జిల్లా, మండలం, గ్రామం గడులు వరసగా ఎంచుకున్నాకే సర్వే నంబరు. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి భూరికార్డుల పోర్టల్‌తో ఈ వరస జనానికి బాగా అలవాటైంది. అంతకుముందు పట్వారీ పహాణీ కూడా ఊరివారీగా, సర్వే నంబరు వారీగానే ఉండేది.

వెతుకులాటను ఇలా పలు కోణాల్లో విడగొట్టే ఆలోచనకు మన దేశంలోనే గట్టి పునాది ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. ప్రతి పుస్తకాన్నీ ఒకే కొమ్మకు వేలాడదీయకుండా విషయం, ప్రదేశం, కాలం లాంటి ముఖాలుగా విడదీసి చూడమన్నారు. కంప్యూటర్లలో ఈ పద్ధతి బాగా వ్యాపించడానికి చాలా ఏళ్లు పట్టింది. సెర్చ్ సాఫ్ట్‌వేర్లయిన లూసీన్ 1999లో, సోలర్ 2004లో, ఎలాస్టిక్‌సెర్చ్ 2010లో వచ్చాయి. పీపుల్‌సాఫ్ట్ లాంటి ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో, ఏ రకం రికార్డుల్లో వెతకాలో చెప్పే ‘సెర్చ్ కేటగిరీ’ ఇప్పుడు మామూలు సెట్టింగు.

మామూలే గానీ, తేలిక కాదు. సెర్చ్ ఇంజిన్ ముందే రికార్డులన్నీ చదివి, ఏ మాట ఎక్కడెక్కడ ఉందో సూచిక తయారు చేసుకుంటుంది. అప్పుడు వాక్యాన్ని ముక్కలు చేస్తుంది. ‘125/అ’ లాంటి సర్వే నంబరును కూడా ముక్కలు చేస్తే 125, అ వేరువేరయి, 125లోని బై నంబర్లన్నీ వచ్చిపడతాయి. ఈ గడిని ముక్కలు చేయకు, ఉన్నదున్నట్టు ఉంచు అని సెటప్ చేసే మనిషే చెప్పాలి. ఏ ఉద్యోగికి ఏ రికార్డు కనబడాలో కూడా ఆ దశలోనే తేల్చాలి. తెలివంతా యంత్రానిదే అనుకుంటాం గానీ, నన్నడిగితే సగం తెలివి ఈ తెరవెనక మనిషిదే.

గడిలోని పేరే మారితే? నెక్కొండ 2016 అక్టోబరులో వరంగల్ రూరల్ జిల్లాలోకి వెళ్లింది. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరే వరంగల్ అయింది, అర్బన్ జిల్లా హన్మకొండ అయింది. పొలం మాత్రం గజం కూడా కదల్లేదు. ప్రతి రికార్డులోనూ జిల్లా పేరు రాసిపెట్టిన సాఫ్ట్‌వేరుకు సూచిక మొత్తం మళ్లీ కట్టుకోక తప్పదు. రికార్డులో జిల్లా కోడ్ మాత్రమే పెట్టి, పేర్ల పట్టిక విడిగా ఉంచుకున్నదానికి ఒక్క వరస దిద్దితే చాలు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ప్రతి కమతానికీ ‘భూధార్’ అనే విడి నంబరు ఇవ్వాలని దాని చట్టం చెబుతోంది. అది అందరి చేతికీ వచ్చి, వెతకడానికీ వాడితే పై మూడు గడుల అవసరం చాలావరకు ఉండదు. అయితే మొదట ఇచ్చేది తాత్కాలిక భూధారే. పొలం కొలిచి హద్దులు తేల్చాకే శాశ్వత నంబరు.