కొత్త క్రీడా నిర్ణేతలకు మార్గదర్శనం

ఆటల పోటీలలో మొదటిసారిగా రెఫరీ లేదా అంపైరు బాధ్యత స్వీకరించిన వారికి తొలి సీజనులో అనుభవజ్ఞులు అందించే శిక్షణను, తోడ్పాటును మార్గదర్శనం అంటారు. నియమావళి క్షుణ్ణంగా తెలిసినవారు కూడా ఆటగాళ్ళ వాదనలకు, ప్రేక్షకుల కేకలకు తడబడే అవకాశం ఉన్నందున ఇది అవసరమవుతుంది.

నేపథ్యం

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలలో పాఠశాలల పోటీలకు సాధారణంగా వ్యాయామ ఉపాధ్యాయులే నిర్ణేతలుగా ఉంటారు. ఆటగాళ్ళు, వారి బంధువులు తెలిసినవారే కావడం వలన కొత్త నిర్ణేతపై ఒత్తిడి అధికం.

కబడ్డీలో

కబడ్డీ పోటీకి ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉంటారు. కూత వ్యవధి 30 సెకన్లు. ఎదుటి జట్టులో కనీసం 6గురు బరిలో ఉన్నప్పుడే బోనసు పాయింటు లభిస్తుంది. బోనసు గీతను దాటిన కాలు నేలను తాకే సమయంలో రెండవ కాలు గాలిలో ఉండాలి. వీడియో సమీక్ష లేని పోటీలలో దీనిని కంటితోనే నిర్ణయించాలి.

పద్ధతులు

* మొదట స్కోరరుగా, తరువాత చిన్న వయసు వారి పోటీలకు అంపైరుగా, చివరగా రెఫరీగా నియమించడం.
* అనుభవజ్ఞుడైన రెఫరీతో జతపరచడం.
* పొరపాట్లను అందరి ఎదుట కాక, ఆట ముగిసిన తరువాత ఏకాంతంగా చర్చించడం.
* ఆటగాళ్ళు దూషించినప్పుడు హెచ్చరిక కార్డులు వాడేలా ప్రోత్సహించడం, నిర్వాహకులు అండగా నిలవడం.
* సొంత ఊరి జట్టు ఆడే పోటీకి నియమించకపోవడం.

క్రికెట్ ఉదాహరణలు

1986 సెప్టెంబరు 22న మద్రాసులో భారత్, ఆస్ట్రేలియాల టెస్టు మరొక్క బంతి మిగిలి ఉండగా టై అయ్యింది. చివరి వికెట్‌గా మణీందర్ సింగ్‌ను ఎల్బీడబ్ల్యూగా ప్రకటించిన అంపైరు విక్రమ్‌రాజుకు అది రెండవ టెస్టు మాత్రమే. ఆ నిర్ణయం వివాదాస్పదమైంది. ఆయన మరే టెస్టుకూ అంపైరుగా వ్యవహరించలేదు. ఒక్క నిర్ణయంతో కొత్త నిర్ణేత ఎంతటి విమర్శకు గురికాగలడో ఇది తెలుపుతుంది.

అదే సంవత్సరం పాకిస్తాన్, వెస్టిండీస్‌ల టెస్టులకు హైదరాబాదుకు చెందిన వి.కె.రామస్వామి, పీలూ రిపోర్టర్ తటస్థ అంపైర్లుగా పనిచేశారు. పక్షపాతమనే అనుమానానికి తావివ్వకుండా ఉండటమే ఇందులోని ఉద్దేశం. సొంత ఊరి పోటీకి నియమించరాదన్న గ్రామీణ నియమానికి కూడా ఇదే ఆధారం. నిర్ణేత ధైర్యం కొంతవరకు అతని స్వభావం, కొంతవరకు నిర్వాహకుల ఏర్పాటు.

ఇవి కూడా చూడండి

* కబడ్డీ
* అంపైరు
* ఉదయగిరి