సాఫ్ట్‌వేర్ యూనిట్ పరీక్షల్లో మాక్ ఆబ్జెక్టులు: న్యాల్‌కల్ భూవిస్తీర్ణ లెక్క ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం:
ప్రోగ్రాంలోని ఒక చిన్న భాగాన్ని విడదీసి పరీక్షించేటప్పుడు, అది ఆధారపడే ఇతర భాగాల స్థానంలో నిలిపే కృత్రిమ వస్తువులలో మాక్ ఆబ్జెక్టు ఒకటి. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పరీక్షకుణ్ణి తప్పుదారి పట్టిస్తుందో సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ ప్రాంతపు భూవిస్తీర్ణ లెక్కను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యూనిట్ పరీక్ష, మాక్ ఆబ్జెక్టు, స్టబ్, డూపు, ఎకరం, గుంట, సెంటు.

1. ఉపోద్ఘాతం:

మాక్ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. విద్యార్థులు ప్రవేశపరీక్షలకు ముందు మాక్ టెస్టులు రాస్తారు. పోలింగ్ మొదలయ్యేముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుతారు. అయితే మాక్ పోల్‌లో యంత్రం అసలుది, ఓట్లు ఉత్తుత్తివి. మాక్ ఆబ్జెక్టుల విషయం కొంత వేరు. ఇక్కడ పరీక్షకు నిలిచిన భాగం అసలుది, దానితో సంభాషించే తోటి భాగాలు ఉత్తుత్తివి.

ఈ పద్ధతిని టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ 2000లో ఇటలీలోని సార్డీనియాలో జరిగిన సదస్సులో పత్రరూపంలో ప్రతిపాదించారు. తర్వాత 2007లో జెరార్డ్ మెస్జారోస్ తన గ్రంథంలో ఇటువంటి ప్రత్యామ్నాయాలన్నిటికీ కలిపి ‘టెస్ట్ డబుల్’ అనే పేరు స్థిరపరిచాడు. సినిమాలో నటుడి బదులు సాహసాలు చేసే స్టంట్ డబుల్ ఆ పేరుకు మూలం. తెలుగు సినీరంగం అతణ్ణి ఏనాడో డూపు అన్నది. కాబట్టి ఇక్కడ సంస్కృత సమాసమొకటి కల్పించే శ్రమ అనవసరం.

2. స్టబ్, మాక్ – భేదం:

తెలంగాణలో 2025 జనవరి 26న ప్రారంభమైన రైతు భరోసా పథకం కింద ఎకరానికి ఒక్కో పంటకాలానికి 6,000 రూపాయల పెట్టుబడి సాయం నిర్ణయమైంది. ఈ సాయాన్ని లెక్కించే ప్రోగ్రాం భాగాన్ని ఒకదాన్ని ఊహించవచ్చు. (ఇది వివరణ కోసం కల్పించినది, వాడుకలో ఉన్న ఏ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కూ సంబంధించినది కాదు.) అది భూమి రికార్డుల సేవను అడిగి రైతు విస్తీర్ణం తెలుసుకుంటుంది, సాయం లెక్కగడుతుంది, చెల్లింపుల సేవకు ఆ మొత్తం జమచేయమని చెబుతుంది.

దీన్ని పరీక్షించిన ప్రతిసారీ నిజమైన రికార్డులను తెరవడం కుదరదు. నిజమైన ఖాతాలో డబ్బు వేయడం అసలే కుదరదు. అందుచేత రెండుచోట్లా డూపులు నిలుపుతారు. రికార్డుల స్థానంలో నిలిచినది ‘స్టబ్’. అడిగినప్పుడు ముందుగా నేర్పిన జవాబు చెప్పడమే దాని పని. చెల్లింపుల స్థానంలో నిలిచినది ‘మాక్’. తనకు ఏ ఆదేశం, ఎన్నిసార్లు, ఏ మొత్తంతో రావాలో అది ముందే తెలుసుకొని ఉంటుంది. ఆదేశం రెండుసార్లు వస్తే పరీక్ష విఫలమవుతుంది, రాకపోయినా విఫలమవుతుంది. స్టబ్ సమాచారం ఇస్తుంది, మాక్ ప్రవర్తనకు సాక్ష్యం చెబుతుంది. మార్టిన్ ఫౌలర్ ప్రసిద్ధ వ్యాసానికి ఈ భేదమే వస్తువు.

3. ఎకరం, గుంట, సెంటు:

అసలు చిక్కు డూపుకు నేర్పిన జవాబులో ఉన్నది. న్యాల్‌కల్ రైతు పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర ప్రాంతంలో అదే అంకె రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కనుక అక్కడది మామూలు దశాంశమే. న్యాల్‌కల్‌ను ఆనుకొని ఉన్న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో కూడా ఎకరం, గుంట లెక్కే నడుస్తుంది. భాష మారినచోట కొలత మారలేదు. భాష ఒక్కటే అయినచోట మారింది.

సెంట్ల లెక్కతో పెరిగిన ప్రోగ్రామరు స్టబ్‌కు 2.20 నేర్పి, దాన్ని 6,000తో గుణించి, మాక్‌కు 13,200 ఆశించమని చెబుతాడు. ప్రోగ్రాం కూడా అతడు రాసినదే కనుక అంతే మొత్తం పంపుతుంది. పరీక్ష నెగ్గుతుంది. న్యాల్‌కల్ రైతుకు రావలసినది 15,000. తగ్గిన 1,800 రూపాయలను ఏ పరీక్షా పట్టుకోదు. ఎందుకంటే ప్రోగ్రాంలో ఉన్న అపోహే డూపులోనూ ఉన్నది. ఒకే మనిషి రెండు గొంతులతో మాట్లాడి తనతో తాను ఏకీభవించినట్లయింది.

స్టబ్‌కు 3.00 వంటి నిండు ఎకరాలే నేర్పితే పరిస్థితి మరింత దిగజారుతుంది. రెండు లెక్కలూ అక్కడ కలుస్తాయి కనుక దోషం కనబడే అవకాశమే ఉండదు. దానికి భిన్నంగా 2.75 అని నేర్పితే, స్థానిక రెవెన్యూ లెక్క తెలిసినవారు కోడ్ చదవకుండానే తప్పు పట్టగలరు. గుంటల స్థానంలో 39కి మించిన అంకె రాదు. విస్తీర్ణాన్ని సంఖ్యగా భద్రపరిస్తే 2.20లోని చివరి సున్నా రాలి 2.2 మిగులుతుంది. అది రెండు గుంటలా, ఇరవయ్యా అనే సందేహం అప్పుడు పుడుతుంది.

4. ఒప్పంద పరీక్ష:

పైథాన్ భాషలో 2012 నుండి మాక్ సదుపాయం ప్రామాణిక గ్రంథాలయంలోనే లభిస్తున్నది. అసలు వస్తువులో లేని పేరుతో డూపును పిలిస్తే పట్టుకొనే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ అది రూపాన్ని పోల్చుతుంది, అర్థాన్ని పోల్చదు. గుంటకూ సెంటుకూ రూపంలో తేడా లేదు.

ఫ్రీమన్ బృందం 2004 నాటి పత్రంలో, స్వాధీనంలో ఉన్న వాటికే మాక్ నిలపాలని సూచించింది. దాన్ని ఇక్కడ అన్వయిస్తే, రికార్డుల సేవకు నేరుగా డూపు పెట్టకూడదు. ఆ సేవకూ లెక్క భాగానికీ నడుమ ఎకరాలు, గుంటలు విడివిడి అంకెలుగా అందించే ఒక చిన్న మధ్యవర్తి భాగాన్ని సొంతంగా రాసుకొని, దానికి డూపు పెట్టాలి. మధ్యవర్తిని మాత్రం అసలు రికార్డుల నమూనాలతోనే పరీక్షించాలి.

ఆపైన డూపునూ అసలునూ ఒకే ప్రశ్నలు అడిగి జవాబులు సరిపోల్చాలి. దీన్నే ఒప్పంద పరీక్ష అంటారు. ప్రశ్నల ఎంపికలో స్థానిక జ్ఞానం అవసరమవుతుంది. 2.05కు 12,750 రావాలి. 2.39కి 17,850 రావాలి. 2.39కి ఒక గుంట కలిపితే 2.40 కాక 3.00 రావాలి.